గుడి జాడీ

"ముందు అనాసదా, నేరేడుదా?" కర్టెన్ పక్కకి తీసి, తల మాత్రం వంటింట్లోకి పెట్టి అడిగారు మా ఆయన అమృతరావు.

"చేపలకి అనాస. వేటమాంసానికి నేరేడు," అన్నాను మూకుడులో ముక్క తిప్పుతూ.

తల వెనక్కి వెళ్లింది. మరుక్షణం ముందుగదిలోంచి ఆయన గొంతు వినిపించింది. "చూడండి సార్, వేయించిన చేపకి అనాస వైనే పడాలి. ఆ పులుపుకి నూనె జిడ్డు విరిగిపోతుంది. మాంసానికేమో నేరేడు వగరుండాలి."

ఆ మాటలు నావి. పొద్దున్న ఉల్లిపాయలు తరుగుతూ ఆయనకి చెప్పినవి.

"ఏటోయ్ అమృతరావూ, ఇంత తెలుసని ఎప్పుడూ సెప్పనేదేటి!" వర్క్స్ మేనేజర్ సుందరరావుగారు నవ్వారు.

"ఏదో సార్, హాబీ."

హాబీ! అరవై ఎనిమిదిలో కోరాపుట్ కొండల మీది ఈ ఫ్యాక్టరీ క్వార్టర్లలోకి కాపురానికొచ్చాను. గుణుపురంలో మా అమ్మ దగ్గర నేర్చుకున్న పని నాతోపాటే వచ్చింది. సంతలో అనాసపళ్లు వాసన చూసి ఏరేది నేను. నేరేడు గింజలు తీసి తీసి, వారాల తరబడి వేళ్ల నీలం వదలక, బడిలో పిల్లలు "టీచరమ్మా, సేతులకేటయ్యింది?" అంటే కొంగులో దాచుకునేది నేను. పొద్దునా సాయంత్రం చెక్కగరిటెతో కలిపేది నేను. ఇక్కడి చలికి పులియకపోతే నా శాలువా తీసి జాడీకి చుట్టి, నేను వణుకుతూ పడుకునేది కూడా నేనే. రుచి చూడటం మాత్రం గరిటె చివర, నిలబడి, పొయ్యి వైపు తిరిగి. కొత్తలో ఒకసారి గ్లాసులో పోసుకున్నాను. అప్పట్లో మాతో ఉన్న మా అత్తగారు మార్తమ్మ చూసింది. "ఆడది గ్లాసట్టుకోడమేటే అమ్మీ? ప్రభువు బల్ల కాడ పాదిరిగారిస్తే తాగు. అంతే." మా ఆయన పేపర్లోంచి తలెత్తకుండా, "అమ్మ సెప్పింది నిజమే," అన్నారు. ఆ గ్లాసులోది ఆయనే తాగేశారు.

ఆ ప్రభువు బల్లకి వైన్ చేసేదీ నేనే. మా చిన్న క్రైస్తవ సంఘంలో అది సంఘపెద్ద భార్య పని, సంఘపెద్ద మా ఆయనే. నల్లద్రాక్షతో విడిగా చేసి, తెల్లగుడ్డ కట్టి పై అరలో పెడతాను. ఇంట్లో దాన్ని గుడి జాడీ అంటాం. నెలకో ఆదివారం మోకాళ్ల మీద ఉండగా పాదిరిగారు పట్టిన గిన్నె నా పెదాలకి తగులుతుంది. ఒక్క గుక్క. నా చేతి పనిని నలుగురి ముందు నేను రుచి చూసేది అప్పుడొక్కసారే.

చేపలు వడ్డించి వచ్చాను. మాంసం దగ్గరపడుతుండగా మా ఆయన లోపలికొచ్చారు. మాంసం రాకముందే నేరేడుది అయిపోయిందట. చెయ్యి పై అర మీదికి వెళ్లింది.

"అది రేపు గుడికి," అన్నాను.

"తెలుసులేవే. సార్ ఇంకా అడుగుతన్నారు. ఫోర్‌మన్ పోస్టు ఆయన సేతిలో ఉంది." జాడీ దింపేశారు.

"మరి పాదిరిగారికి ఏటి సెప్పమంటారు?"

"పాడైపోయిందని సెప్పు. నీ సేతిలో పాడైందంటే ఎవరూ ఏటీ అనరు."

నిజమే, ఎవరూ ఏమీ అనరు. బాగుంటే ఆయన హాబీ. పాడైతే నా చెయ్యి.

జాడీ ఆయన చేతుల్లోంచి లాక్కున్నాను. అతిథులుండగా కూరగిన్నె లేకుండా ఆ కర్టెన్ దాటడం ఈ ఎనిమిదేళ్లలో అదే మొదలు.

జాడీని భోజనాల బల్ల మధ్యలో పెట్టాను. "ఇది రేపు గుడికి సార్. ఇందులోంచి ఇక్కడ చుక్క కూడా పొయ్యను. దీన్ని చేసింది నేను. ఇందాకట్నుంచి మీరు తాగినవీ నేను చేసినవే." నా గొంతు నాకే కొత్తగా వినిపించింది.

సుందరరావుగారు గ్లాసు కిందపెట్టారు. నా వెనకాలే వచ్చిన మా ఆయన నవ్వబోయారు. "పొద్దుట్నుంచీ పని కదా సార్, అలిసిపోయింది..."

సుందరరావుగారి భార్య గౌరీశ్వరి అప్పటిదాకా నిమ్మరసం ముందు పెట్టుకుని కూర్చుంది. ఇప్పుడు పక్కన ఖాళీగా ఉన్న మా ఆయన కుర్చీని మోచేత్తో నా వైపు కొంచెం జరిపింది. ఆ కొంచెమే నాకు చాలింది.

కూర్చున్నాను. కూజా అడుగున మిగిలిన అనాస వైన్ గ్లాసులో పోసుకుని తాగాను. తొందరపడకుండా తాగితే చివర్లో తేనెలాంటి తీపి ఒకటి తగిలింది. గరిటె చివర అది నాకెప్పుడూ తెలియలేదు.

వంటింట్లోంచి అడుగంటుతున్న వాసన వచ్చింది. ముగ్గురూ నా వైపే చూశారు. నేను ఇంకో గుక్క తాగాను.

"ఏవండీ, కూర మాడిపోతంది. దింపి పట్టుకురండి."