ఓడోవాకర్ మీద నలభై మార్కుల జవాబు

దేదీప్య రాసిన జవాబులో తప్పు ఒక్కటీ లేదు. అనుమానం అక్కడే మొదలైంది.

2009 అక్టోబరులో, అట్లాంటాకు ఉత్తరాన ఉన్న ఒక రెండేళ్ల కాలేజీలో యూరప్ చరిత్ర మిడ్‌టర్మ్ జరిగింది. అందులో నలభై మార్కుల ప్రశ్న ఒకటి ఉంది: 476లో రోమ్ సామ్రాజ్యం పడిపోయిందా? దేదీప్య నాలుగు పేజీలు రాసింది. ప్రొఫెసర్ హెలెన్ డాయ్ల్ ఆ పేజీల పక్కన పాఠ్యపుస్తకం పెట్టుకుని చూసింది. మొదటి పేరా నుంచి చివరి పేరా దాకా అవే వాక్యాలు. మూడో పేజీలో ‘పటం 9.2 చూడండి’ అని కూడా ఉంది. జవాబు పత్రంలో పటం లేదు.

వారం తర్వాత ఆల్ఫారెట్టాలోని ఇంటికి కాలేజీ నుంచి ఉత్తరం వచ్చింది. దేదీప్య ముందు రెండు దారులు పెట్టారు. పరీక్షకు కాగితాలు తెచ్చి చూసి రాశానని ఒప్పుకుని సంతకం చేస్తే ఆ ప్రశ్నకు సున్నా వేసి వదిలేస్తారు. సంగతి కాలేజీ దాటదు. ఒప్పుకోకపోతే ముగ్గురు సభ్యుల కమిటీ విచారిస్తుంది. తప్పు చేసినట్టు కమిటీ తేలిస్తే ఆ మాట ట్రాన్స్‌క్రిప్ట్ మీదికి, అంటే ఎక్కడికి వెళ్లినా చూపించాల్సిన మార్కుల పత్రం మీదికి ఎక్కుతుంది. దేదీప్య మరుసటి ఏడాది ఇంజనీరింగ్ యూనివర్సిటీకి మారాలి. అలాంటి ట్రాన్స్‌క్రిప్ట్ చూసి సీటు ఇస్తారని ఇంట్లో ఎవరూ అనుకోలేదు.

ఆమె చూసి రాయలేదు. బట్టీ పట్టి రాసింది. గుంటూరులో ఇంటర్ చదివిన రెండేళ్లూ అలాగే చదివింది. అక్కడ లెక్చరర్ పుస్తకం తెరిచి పట్టుకునేవాడు, పిల్లలు ఒక్కొక్కరే లేచి అప్పజెప్పేవారు. లైను వదిలితే అర మార్కు పోయేది. ఆరేళ్ల ముందే హెచ్1బీ ఉద్యోగ వీసా మీద వచ్చిన తండ్రి దగ్గరికి తల్లీ ఆమే వచ్చి పద్నాలుగు నెలలైంది. చదివే పద్ధతి మార్చుకోమని ఎవరూ చెప్పలేదు. మార్కులు బాగానే వస్తున్నాయి కాబట్టి ఆమె కూడా అడగలేదు.

తండ్రి కోటేశ్వరరావు ఒక ఇన్సూరెన్స్ కంపెనీలో సాఫ్ట్‌వేర్ టెస్టర్. ఉత్తరం రెండుసార్లు చదివాడు.

“సంతకం పెట్టేయమ్మా. జీరో వస్తే వచ్చింది. గ్రీన్ కార్డ్ ప్రాసెస్‌లో ఉండగా మనకి ఈ హియరింగ్‌లూ అవీ అవసరమా?”

“నేను కాపీ కొట్టలేదు నాన్నా.”

“కొట్టావని నేనన్నానా?”

“సంతకం పెడితే అన్నట్టే. ఆ పేపర్ మీద అదే ఉంది, చదువు.”

ఆయన మూడోసారి చదివాడు. “అయినా ఆ మ్యాప్ నంబర్ ఎందుకు రాశావే?”

“బుక్‌లో ఉంది కాబట్టి.”

చూడకుండా రాయడం కూడా తప్పేనా వీళ్లకి అని తల్లి పద్మ అడిగింది. కోటేశ్వరరావు ఫోన్ అందుకున్నాడు. తనకంటే ముందు ఈ దేశం వచ్చిన స్నేహితుడు రఘుకు చేస్తే, అతనూ సంతకం పెట్టించమనే అన్నాడు. రెండు రోజుల తర్వాత దేదీప్య ఆ కాగితాన్ని సంతకం లేకుండానే తిప్పి పంపింది.

విచారణ నవంబరు 12న, మధ్యాహ్నం రెండింటికి, లైబ్రరీ మూడో అంతస్తులో జరిగింది. కుటుంబ సభ్యులను లోపలికి రానివ్వరు. కోటేశ్వరరావు సగం రోజు సెలవు పెట్టి వచ్చి వరండాలో కూర్చున్నాడు.

కమిటీ అధ్యక్షుడు కెమిస్ట్రీ చెబుతాడు. ఆయన పాఠ్యపుస్తకం తన దగ్గర పెట్టుకుని ఆమెకు తెల్లకాగితాలు ఇచ్చాడు. షార్లమేన్ చక్రవర్తి మనవలు ముగ్గురూ 843లో రాజ్యాన్ని పంచుకున్న పేజీ గుర్తున్నంత వరకు రాయమన్నాడు. ఆ పాఠం ఆమె డిసెంబరు పరీక్ష కోసం అప్పటికే చదివి ఉంది. హెడ్డింగ్‌లు కూడా రాయాలా అని అడిగింది. ఆమె ఇష్టమన్నాడు. పద్దెనిమిది నిమిషాల్లో, ఆ పంపకమైన రెండేళ్లకు నార్మన్ దండులు సేన్ నది మీదుగా పారిస్ చేరిన చోటు దాకా రాసింది. ఆయన ఒక్కో లైను కింద స్కేలు పెట్టి పుస్తకంతో సరిచూశాడు. రెండు మాటలు, ఒక కామా తేడా వచ్చాయి.

చూసి రాసిందన్న ఆరోపణ ఇక నిలవదని ఆయన అన్నాడు. డాయ్ల్ దానికి ఒప్పుకుంది. అయితే ఇంకొకరి మాటలను తనవిగా రాయడం కూడా నిబంధనల్లో తప్పేనని గుర్తు చేసింది. ఈ అమ్మాయి ఏమనుకుంటోందో తనకు ఇప్పటికీ తెలియదంది. అడగమని అధ్యక్షుడు అన్నాడు.

“476లో ఓడోవాకర్ ఇటలీని పట్టుకున్నాడు. చక్రవర్తిని దించేశాడు. కిరీటం మాత్రం తను పెట్టుకోకుండా కాన్‌స్టాంటినోపుల్‌లో ఉన్న చక్రవర్తికి పంపించాడు. ఎందుకు?”

“పుస్తకంలో...”

“పుస్తకంలో కారణం లేదు.”

దేదీప్య తను రాసిన కాగితాలు పక్కకు జరిపింది.

“అతను బయటి నుంచి వచ్చినవాడు,” అంది. “రోమ్ సైన్యంలో ఉద్యోగం చేశాడు. ఇటలీలో అతని మాటే చెల్లుతోంది. అయినా అక్కడ ఉండొచ్చని ఎక్కడో కూర్చున్న మనిషి కాగితం మీద రాసివ్వాలి. అది వచ్చేదాకా ఆయనకు కోపం రాకుండా చూసుకోవాలి.”

“వచ్చిందా?”

“సరిగ్గా రాలేదు. ఒక బిరుదుతో ఉత్తరం రాశారు. పదమూడేళ్ల తర్వాత అతని మీదికి థియోడోరిక్ అనే ఇంకో రాజుని పంపారు.”

“ఇదంతా ఏ పేజీలో ఉంది?”

“జరిగినవి పుస్తకంలో ఉన్నాయి. కాగితం సంగతి లేదు. మా నాన్న గ్రీన్ కార్డ్ మూడేళ్లుగా పెండింగ్‌లో ఉంది.”

డాయ్ల్ ఆ మాట రాసుకుంది. దేదీప్యను బయట కూర్చోమని కమిటీ నలభై నిమిషాలు మాట్లాడుకుంది. మొదటి జవాబు లెక్కలోకి రాదని, అదే ప్రశ్నకు పుస్తకంలోని వాక్యాలు వాడకుండా మళ్లీ రాయాలని, ట్రాన్స్‌క్రిప్ట్ మీద ఏమీ ఉండదని తేల్చింది.

లిఫ్ట్ దగ్గర కోటేశ్వరరావు ఆ నిర్ణయాన్ని ఆమె చేత రెండుసార్లు చెప్పించుకున్నాడు. తర్వాత, లోపల ఏం చెప్పావని అడిగాడు.

“ఓడోవాకర్ గురించి. నీ గ్రీన్ కార్డ్ గురించి.”

ఆయన వెనక్కి తిరిగి మూసి ఉన్న తలుపు వైపు చూశాడు.

“అది వాళ్లకెందుకు చెప్పావే,” అన్నాడు గొంతు తగ్గించి.

ఆ సాయంత్రం ఇమిగ్రేషన్ లాయర్‌కు మెయిల్ పెట్టాడు. కాలేజీలో కూతురు ఇలా అన్నదని, దాని వల్ల కేసుకు ఇబ్బంది ఏమైనా ఉంటుందా అని అడిగాడు. లేదని శనివారం జవాబు వచ్చింది.

దేదీప్య సోమవారం మళ్లీ రాసింది. పేజీన్నర వచ్చింది, అందులో మూడు చోట్ల కొట్టివేతలు. డాయ్ల్ నలభైకి ఇరవై తొమ్మిది వేసింది.