వడ్డీకైనా

ఆదివారం పొద్దున్నే జయలక్ష్మి చెల్లెలింటికి వచ్చింది. వచ్చీ రాగానే కొంగు బిగించి గోంగూర ముందేసుకు కూర్చుంది. ఏదైనా అడగాల్సి వస్తే అక్క చేతులు ఊరికే ఉండవని వాసంతికి చిన్నప్పట్నుంచీ తెలుసు.

"సైబర్ టవర్స్‌లో ఏం చేస్తావే నువ్వు? మా వీధిలోవాళ్ళు అడిగితే చెప్పలేక చస్తున్నాను."

"అమెరికాలో కార్లకి అప్పులిస్తారక్కా. వాళ్ళ అర్జీలు మేం చూస్తాం. ఇదివరకు సరిగ్గా కట్టనివాళ్ళవీ, ఉద్యోగం నిలకడ లేనివాళ్ళవీ విడిగా తీసి సబ్‌ప్రైమ్ అని గుర్తు పెడతాం."

"అంటే ఎగ్గొట్టేవాళ్ళా?"

"ఎగ్గొడతారని కాదు. ఎగ్గొట్టచ్చేమోనని."

"పాపం, వాళ్ళకింక అప్పు పుట్టదన్నమాట."

"ఎందుకు పుట్టదూ? ఇస్తారు. కాకపోతే వడ్డీ ఎక్కువ."

"అబ్బో, మీ దొరలు మంచోళ్ళే!" అని నవ్వింది జయలక్ష్మి. నవ్వుతూనే అసలు మాట చెప్పింది. కొండాపూర్‌లో ఒక గది దొరికింది. కర్రీ పాయింట్ పెడితే కంప్యూటర్ కుర్రాళ్ళంతా అక్కడే కొంటారు. రేపటికల్లా అడ్వాన్సు కట్టాలి. "ఫ్యాక్టరీ మూసేశాక మీ బావ మంచం దిగడం లేదే. పొద్దున్నే కూరలు తరగమంటేనన్నా లేస్తాడు."

వాసంతి దగ్గర డబ్బుంది. "మీ అక్కకిస్తే గోదాట్లో పోసినట్టే" అని, అక్క వస్తోందనగానే భర్త పార్థసారథి రాత్రే అన్న మాట కూడా ఉంది.

"పోయినసారి తీసుకున్నదే ఇంకా..." అంది.

"కట్టలేదు. నిజమే." జయలక్ష్మి కాడలు ఒకపక్కకి తీసింది. "అయితే నేనూ ఆ రకమేగా. వడ్డీ ఎక్కువేసి ఇయ్యి."

"ఛ! తోడబుట్టినదాని దగ్గర వడ్డీ తీసుకుంటానా?"

"అయితే వడ్డీ లేకుండానే ఇయ్యి."

వాసంతి లేచి పొయ్యి మీద పప్పు కలిపింది.

"ముఖమైనా చూడనివాడికి వడ్డీకైనా ఇస్తారు," అంది జయలక్ష్మి. గొంతులో కోపం లేదు. ఉంటే బాగుండుననిపించింది వాసంతికి.

పచ్చడి నూరి, గిన్నె మీద మూత పెట్టి, తినకుండానే చెప్పులేసుకుంది జయలక్ష్మి. "ఉప్పు కాస్త తక్కువేశాను, చూసుకో. మరిదిగారికి బీపీ కదా."

ఆగమంటే ఆగేదే. ఆగాక ఏం చెప్పాలో తెలియక, అక్క మెట్లు దిగి వీధి మలుపు తిరిగేదాకా వాసంతి గుమ్మం పట్టుకుని నిలబడిపోయింది.