అక్క మాటల ఫైలు

అక్క పోయిన రెండేళ్లలో బావ తనంతట తాను ఫోన్ చేయడం అదే మొదటిసారి.

"ఏమే తోకా, కాలేజీలో కంప్యూటర్లన్నిటికీ వైద్యం చేస్తావుగా. నా డబ్బాని కూడా ఓసారి చూసిపో."

అక్క ఎటు వెళితే అటు కొంగు పట్టుకుని తిరిగేదని అక్క పెళ్లయిన కొత్తలో బావ ఆమెకి పెట్టిన పేరది. చాన్నాళ్లకి విన్న పిలుపు. అయినా మాట మాత్రం పొడిగానే వచ్చింది. "ఆదివారం వస్తాలే బావా."

ఆ పొడితనానికి కారణం ఉంది. అక్క జబ్బు సంగతి బావ నాలుగు నెలలు దాచాడు. ఆమెకి తెలిసేనాటికి మిగిలింది పది రోజులు. అక్కకి అప్పటికే మనుషుల ఆనవాలు తెలియడం లేదు. ఆ తర్వాత బావతో ఆమె ముక్తసరిగా తప్ప మాట్లాడలేదు.

ఆదివారం తలుపు తీసిన బావ ఆమె భుజానికి పక్కగా చూస్తూ "రా" అన్నాడు. కుర్చీ కోసం గోడ తడుముకుంటూ నడిచాడు.

"కళ్లేమయ్యాయి?"

"పక్కల నుంచి మూసుకొస్తున్నాయి. ఇప్పుడు గొట్టంలోంచి చూసినట్టుంటుంది. ఆరు నెలలో, ఏడాదో అన్నాడు డాక్టరు." వాన వచ్చేలా ఉందన్నంత మామూలుగా చెప్పాడు.

ఇరవై రెండేళ్లు ప్రెస్సులో కంప్యూటర్ ముందు కూర్చుని పుస్తకాల పేజీలు కట్టిన మనిషి. ప్రెస్సు మూతపడ్డాక ఓనరు ఇచ్చేసిన పాత మిషనే ఇంట్లో ఉంది. తెర మీద ఉన్నది చదివి వినిపించే సాఫ్ట్‌వేర్ ఏదీ దాని మీద నడవదు.

"అందరూ కలిసి ఉచితంగా తయారుచేసుకునే సిస్టమ్ ఒకటుంది బావా. మా ల్యాబులో అదే. చదివే గొంతు అందులోనే ఉంటుంది. పాతది తీసేసి అదెక్కిస్తాను."

"తీసేస్తే నా ఫైళ్లు?"

"ముందే పెన్‌డ్రైవ్‌లోకి ఎత్తుకుంటాగా."

ఎత్తుకుంది. బావ పేరుతో ఉన్న ఫోల్డర్లన్నీ ఒకటికి రెండుసార్లు సరిచూసుకుంది. రెండో పెన్‌డ్రైవ్ పెట్టి మిషన్ మళ్లీ ఆన్ చేసింది. కొత్త సిస్టమ్ ఒక్కొక్కటే అడిగింది. భాష ఏది, కీబోర్డు ఏది. చివరికి, డిస్క్ మొత్తం చెరిపేయాలా?

"చెరిపేయనా బావా?"

"నువ్వు చూసుకున్నావుగా. కానియ్."

ఆమె నొక్కింది. ఓ అరగంట పట్టింది. ఆ లోపు టీ పెట్టింది. అక్క పెట్టిన చోటే ఉన్నాయి డబ్బాలన్నీ. మిషన్ మళ్లీ లేచి, తెలుగులో పలకరించింది.

బావ చెవి ఒగ్గి విన్నాడు. "ఎవరే ఈవిడ? జలుబు చేసినట్టుంది పాపం."

ఆమెకి నవ్వొచ్చింది. ఈ ఇంట్లో నవ్వి ఎన్నాళ్లయిందో.

"ఒక ఫైలు చదివించు. అక్క మాటలున్నది. మంచాన పడ్డాక మీ అక్క ఏం మాట్లాడిందో, మధ్యాహ్నం అన్నాల వేళ ప్రెస్సులో కూర్చుని కొట్టి పెట్టుకునేవాణ్ణి. కళ్లు పోయినా ఈవిడ చదువుతుంటే వినొచ్చనే నిన్ను పిలిచింది."

ఫైలు తెరుచుకుంది. గొంతు చదివింది. "చిన్న డి. సెమీకోలన్. పెద్ద ఎక్స్. బ్రాకెట్."

తెర నిండా అవే, ఇంగ్లీషు అక్షరాలు, గుర్తులు. పాత ఫాంటన్న సంగతి అప్పుడు తట్టింది ఆమెకి. ఓనరు ప్రెస్సు కోసం ప్రత్యేకంగా చేయించుకున్న ఫాంటు అది. పైకి తెలుగు కనిపించినా లోపల ఉండేవి ఇంగ్లీషు అక్షరాలే. గొంతుకి ఎలాగూ అర్థం కాదు. ఫాంటుంటే కనీసం తను చూసి చదివి, కొత్త తెలుగులో కొట్టి పెట్టేది. ఫాంట్ల జాబితా పైనుంచి కిందికి వెతికింది. లేదు. అది బావ ఫోల్డర్లలో ఉండేది కాదు, సిస్టమ్‌లో ఉండేది. సిస్టమ్‌ని ఇందాక చేతులారా తనే చెరిపేసింది. ల్యాబులో పిల్లలకి మొదటి వారమే చెప్పే పాఠం అది.

"బావా, నా తప్పే," అంది. ఏం జరిగిందో చెప్పింది.

బావ గ్లాసు తడిమి ఆమె వైపు జరిపాడు. "పోన్లే. టీ చల్లారిపోతుంది," అన్నాడు. తిట్టినా బాగుండేదనిపించింది ఆమెకి.

మర్నాడే సెలవు పెట్టి ఓనరు దగ్గరికి వెళ్లింది. "ఆ మిషన్లు తూకానికి పోయాయమ్మా. ఫాంటు చేసినాయనా లేడు," అన్నాడాయన. మూడు రాత్రులు ఆమెకి కంటి మీద కునుకు లేదు.

మళ్లీ ఆదివారం దోషిలా వెళ్లింది. బావ బల్ల ముందు కూర్చుని ఉన్నాడు, వేళ్లు కీబోర్డు మీద పెట్టుకుని.

"ఆ ఫైలు తెరిచి, ఉన్నదున్నట్టు చదువు."

"చిన్న డి."

బావ వేలు కదిలింది. "మ. తలకట్టు ఇంకా పడలేదు. తర్వాత?"

"సెమీకోలన్."

"అదే తలకట్టు."

ఏ కీ నొక్కితే ఏ తెలుగు అక్షరం పడేదో కళ్లకి గుర్తు లేకపోయినా వేళ్లకి గుర్తుంది. ఆమె ఒక్కో అక్షరం పలకడం, బావ వేలు కదిపి చూసి చెప్పడం, ఆమె కొత్త తెలుగులో రాసుకోవడం. సాయంత్రానికి ఒక పేజీ అయింది. అందులో అక్క పక్కింటి కుక్కని తిట్టింది, దుప్పటి మార్చమంది, కిటికీ తెరవమంది.

నాలుగో ఆదివారం ఒక వాక్యం దగ్గర బావ వేళ్లు ఆగిపోయాయి. "ఇది వదిలెయ్," అన్నాడు.

కాని అప్పటికే ఆమె చేతికింద అక్షరాలు కూడుకుంటున్నాయి. వారాల తరబడి పలికీ పలికీ కొన్ని ఆమెకీ వచ్చేశాయి. 'తోకకి చెప్పొద్దు. మూడోసారికి నిలిచింది దానికి. నా గురించి తెలిస్తే పరిగెత్తుకొస్తుంది. ఒట్టెయ్.'

అంతకుముందు రెండుసార్లు కడుపు పోయింది ఆమెకి. మూడోసారి పుట్టిన పాపకి ఇప్పుడు రెండేళ్లు దాటాయి.

"అక్క పోయాకైనా చెప్పొచ్చుగా బావా."

"చెబితే నిన్ను నువ్వు తిట్టుకునేదానివి. నన్ను తిట్టడమే నయమనుకున్నా."

ఆమె బల్ల మీద తల వాల్చేసింది. బావ చెయ్యి గాలిలో వెతికి ఆమె తల మీద ఆగింది. ఆ రోజు ఇంక పని సాగలేదు.

వానలు మొదలయ్యేసరికి ఆ గొట్టం కూడా మూసుకుపోయింది. బావ కొత్త సిస్టమ్ మీద తెలుగు కొట్టడం నేర్చుకున్నాడు. గొంతు చెబుతుంటే పేపరు వింటున్నాడు, తోకకి ఉత్తరాలు కొట్టి పంపుతున్నాడు. ఆమె సంతోషించింది.

ఆ సంతోషం ఎక్కువ రోజులు నిలవలేదు. కొత్త కీల అలవాటు పాతదాన్ని తోసేస్తోంది. "పెద్ద క్యూ" అంటే వేలు ఎటో వెళ్లి, వెనక్కొచ్చి, తికమకపడేది.

"కొత్తది మానేస్తానే," అన్నాడు ఒకరోజు. "మీ అక్క పూర్తయ్యేదాకా."

మానేయమనలేకపోయింది, వద్దనీ అనలేకపోయింది. ఆయన మానేశాడు. అయినా పోయిన కీలు పోయినవే. తెలియని చోట ఆమె ఖాళీ వదులుతూ వచ్చింది. అరవై ఒక్క పేజీల్లో పంతొమ్మిది ఎలాగో నిండాయి. తర్వాతి పేజీల్లో మాటల కంటే ఖాళీలే ఎక్కువయ్యాక, ఇక చాలన్నాడు బావ.

ఇప్పుడు రోజూ పొద్దున్నే ఆ పంతొమ్మిది పేజీలు పెట్టించుకుని వింటాడు. కిటికీ తెరవమంటుంది గొంతు. ఖాళీ వస్తే 'ఖాళీ' అని చదివి ముందుకు పోతుంది. బావ మాత్రం అక్కడ దాన్ని ఆపేసి, కాసేపు కూర్చుని, మళ్లీ నొక్కుతాడు.