ఉగ్గుగిన్నె సముద్రం దాటింది

నేను ఒక ఉగ్గుగిన్నెను. వంశధారకి పెద్ద వరద వచ్చిన ఇరవై ఏడో ఏట నేను విమానం ఎక్కాను. తేదీ అడగకండి. మా కంచరి వీధిలో వరదకి ముందు, వరదకి తర్వాత అనే లెక్క తప్ప ఇంకో లెక్క లేదు.

అరచేతిలో ఇమిడేటంత ఉంటాను. ఒక పక్క చిలక ముక్కులాంటి కొమ్ము. పసిబిడ్డ పెదవికి ఆ కొమ్ము ఆనించి చుక్క చుక్కగా ఆముదమో, పాలో, ఉగ్గో పోస్తారు. ఒళ్ళంతా కంచు. తడితే మోగుతాను, తట్టకపోతే నోరు మెదపను. ఈ గుణం నన్ను చేసినవాడి దగ్గర్నుంచి వచ్చింది.

ఆయన పేరు కనకాచారి. మూడో తరగతి దాకా బడికి వెళ్ళి, తర్వాత పలక పక్కన పెట్టి సుత్తి అందుకున్నాడు. రోజుకి పది మాటలు ఆడితే ఎక్కువ. అందులో నాలుగు "ఊఁ"లు.

వరద వచ్చిన పొద్దున ఆయన ఇంట్లో పన్నెండు రోజుల పిల్ల ఉంది. నీళ్ళు గడప తాకగానే కనకాచారి కొలిమితిత్తి, అచ్చులు నెత్తిన పెట్టుకుని మెట్ట మీద ఉన్న బడికి పరిగెత్తాడు. అవి పోతే తిండి పోతుంది. భార్యనీ బిడ్డనీ రెండో విడతలో తీసుకెళ్దాం అనుకున్నాడు. మగవాళ్ళ లెక్కలు ఇలాగే ఉంటాయి. రెండో విడత దాకా నీళ్ళు ఆగలేదు, ఆయన భార్య సన్యాసమ్మా ఆగలేదు. పాత చీర చింపి పిల్లని వీపుకి కట్టుకుని, వీధి వెంట ఎవరో కట్టిన తాడు రెండు చేతులా పట్టుకుని, నడుములోతు నీళ్ళలో తనే బడికి వచ్చేసింది. పిల్ల నిద్రైనా లేవలేదట.

బడి వరండాలో వీధి వీధంతా ఉంది. "ఒలమ్మ, పిల్లని కట్టెలమోపునాగ కట్టుకొచ్చీసింది. కొండమీంచి సంతకొచ్చే సవరోళ్ళే అలగ కడతారు" అంది ఒకామె. మిగతావాళ్ళు నవ్వారు. ప్రాణాలు దక్కిన పూట కూడా మనుషులకి నవ్వుకోవడానికి ఎవరో ఒకరు కావాలి. కనకాచారి తల దించుకున్నాడు. ఆ సాయంత్రం భార్యతో ఒక్క మాటే అన్నాడు: "ఇంకెప్పుడూ అలా కట్టకు."

ఆమె మరి కట్టలేదు.

వరదలో తడిసిన కొలిమి ఆరడానికి నెల పట్టింది. ఆరిన రోజున ఆయన చేసిన మొదటి వస్తువుని నేను. మైనంతో నా ఆకారం చేసి, బంకమట్టి పూసి కాల్చి, మైనం కరిగిపోయిన ఖాళీలో కంచు పోశాడు. రెండు రోజులు ఆకురాయి పట్టి నునుపు చేశాడు. తీసుకెళ్ళి సన్యాసమ్మ చేతిలో పెట్టాడు, మాటేమీ లేకుండా. మాట రావలసిన చోట ఆయనకి వస్తువు వస్తుంది. నేను ఆయన చెప్పలేకపోయిన మాటనని నాకు తెలుసు. ఆమెకి తెలిసిందో లేదో. "కొమ్ము బాగుంది" అని మాత్రం అంది.

నాతో ఉగ్గు తాగిన ఆ పిల్ల పేరు భ్రమర. పెరిగింది, నాలుగు ముక్కలు చదువుకుంది. ఈలోగా సన్యాసమ్మ జ్వరం తగిలి పోయింది. తర్వాత రెండేళ్ళకి భ్రమరకి సోమలింగంతో పెళ్ళయింది. అతను లేత్ మెషీన్ మీద పనివాడు. పెళ్ళయిన ఏడాదికే టాంజానియాలో ఒక చక్కెర మిల్లులో పని దొరికి వెళ్ళాడు. అప్పటికి భ్రమరకి రెండో నెల.

తొలికాన్పు పుట్టింట్లో జరగాలి. పుట్టింట్లో మిగిలిందల్లా కనకాచారి, అటక మీద నేను. భ్రమర వచ్చి నాలుగు నెలలు ఉంది. బిడ్డకి నీళ్ళెలా పోస్తారు, ఏడిస్తే ఏం చెయ్యాలి, ఏదీ తెలియదు. చెప్పవలసిన మనిషి లేదు. ఉన్న మనిషి చెప్పడు. ఆరో నెల వచ్చేసరికి ఆ పిల్ల ఒక నిర్ణయానికి వచ్చింది. అప్పుడే రవణమ్మ వచ్చింది. ఆమె సన్యాసమ్మ చెల్లెలు, అదే వీధిలో కాపురం.

"బావా, కడుపుతో ఉన్న గుంట ఏరే దాటకూడదంతారు. ఇది సముద్రం దాటీస్తానంతంది. నువ్వేటీ అనవేటి?"

"ఊఁ" అన్నాడు కనకాచారి.

"డాక్టరమ్మ ఏడో నెల లోపల వెళ్ళొచ్చంది పిన్నీ. ఆయనకి సెలవు లేదు. ఇక్కడుంటే నాన్నా నేనూ ఒకరి మొహం ఒకరు చూసుకుని కూచోవాలి. పుట్టిల్లంటే గోడలేటి? నాన్నే గదా. నాన్నని కూడా తీసుకెళ్తాను."

కనకాచారి తల ఎత్తాడు. ఈ సంగతి ఆయనకి అప్పుడే తెలిసింది. నిచ్చెన వేసుకుని అటకెక్కి నన్ను దింపి, చింతపండుతో తోమడం మొదలుపెట్టాడు. వస్తానని చెప్పడం అది.

విమానాశ్రయంలో సంచి తడిమే ఉద్యోగి నన్ను బయటికి తీసి అటూ ఇటూ తిప్పాడు. దీపమా, పూజ సామానా, ఇంకేమైనానా అని హిందీలో అడిగాడు. కనకాచారికి హిందీ రాదు, తెలుగు వాడడు. కూతురి పొట్ట చూపించాడు. నన్ను చూపించాడు. తన నోరు తెరిచి అందులోకి నా కొమ్ము వంచాడు. వెనక వరసలో వాళ్ళంతా నవ్వారు. ఉద్యోగి కూడా నవ్వి, నన్ను రెండు చేతులతో తిరిగి ఇచ్చాడు. భ్రమరకి కుర్చీ తెప్పించాడు.

ఆ దేశంలో దిగాక మిల్లు ఊరికి చిన్న బస్సులో వెళ్ళాలి. ఇరవై మంది పట్టేచోట నలభై మంది. ఆ సంగతిలో మాత్రం అది పరాయి దేశంలా లేదు. తీసుకెళ్ళడానికి వచ్చిన సోమలింగం మెట్టు మీద వేలాడాడు. భ్రమర పొట్ట చూడగానే ముగ్గురు లేచి చోటిచ్చారు. కనకాచారికీ ఒక సీటు దొరికింది. తర్వాత ఆగిన చోట ఒకావిడ ఎక్కింది, చంకలో బిడ్డ, చేతిలో గంప. నిలబడడానికి చోటు చూసుకుంది. బిడ్డని కనకాచారి ఒళ్ళో దించింది. ఒక్క మాటైనా అడగలేదు. అటు తిరిగి పక్కామెతో కబుర్లలో పడింది.

ఆయన కర్రలా బిగుసుకుపోయాడు. కన్న కూతుర్ని కూడా పట్టుమని పది నిమిషాలు ఎత్తుకోని మనిషి. "మావయ్యా, ఇక్కడంతే" అని సోమలింగం తలుపు దగ్గర్నుంచి అరిచాడు. "ఎవరి ఒడి ఖాళీగా ఉంటే వాళ్ళదే బిడ్డ." ఆ బిడ్డ కనకాచారి మీసం పట్టుకుని లాగాడు. ఆయన లాగనిచ్చాడు. తల్లి దిగేటప్పుడు బిడ్డని తీసుకుని, "అసాంతె, బాబు" అంది. థాంక్స్ తాతా అని అర్థమట. అరవై అయిదేళ్ళ మనిషి బాబు అయ్యాడు. మిగతా దారంతా ఆయన తన ఖాళీ ఒడి వంక చూసుకుంటూ కూచున్నాడు.

మిల్లు కాలనీలో పక్కింటావిడ పేరు ఏమిటో ఎవరికీ తెలియదు. పెద్దకూతురు నీమా కాబట్టి ఆమెని నీమా తల్లి అంటారు. ఆ దేశంలో బిడ్డ పుట్టగానే ఆడదాని పేరు అలా మారిపోతుంది. ఇండియా వాళ్ళ ఇళ్ళ మధ్య పదేళ్ళు ఉన్న మనిషి కనక హిందీ ముక్కలు, తెలుగు ముక్కలు పోగుచేసుకుంది. మొదటి రోజే ఒక చెంబుతో జావ తెచ్చింది. "ఉజీ. కడుపుకి మంచిది" అంది. కనకాచారి ఒక గుక్క తాగి, "చోడంబలి" అన్నాడు. మా ఊళ్ళో చోళ్ళు దంచి కాచే అంబలే అది. ఇంతదూరం వచ్చి అంబలి తాగినందుకు ఆయన మొహంలో వచ్చిన వెలుగు అంతకు ముందు నేను ఎన్నడూ చూడలేదు.

పురుడు మిల్లు ఆస్పత్రిలో సుఖంగా జరిగింది. ఆడపిల్ల. నా ఉద్యోగం వచ్చిందని నేను తళతళలాడుతున్నాను. నర్సు నన్ను ఎత్తి చూసి, "ఇది దేనికి?" అంది. భ్రమర చెప్పింది. నర్సు తల అడ్డంగా ఊపింది. "ఆరు నెలలు తల్లిపాలే. నూనె వద్దు, ఉగ్గు వద్దు, నీళ్ళు కూడా వద్దు." సముద్రం దాటి వచ్చి కిటికీలో కూచున్నాను. భ్రమర తండ్రి మొహం చూసింది. ఆయన "ఊఁ" అన్నాడు. నీమా తల్లికి మాత్రం నా మీద జాలి కలిగింది. బిడ్డ ఒళ్ళు రుద్దేటప్పుడు కొబ్బరినూనె నాలో పోసుకుంది. "ఈ కొమ్ము భలే ఉంది, ఒక్క చుక్క ఒలకదు" అంది. ఒంటికైనా, నోటికైనా బిడ్డకే కదా అని నేనూ సరిపెట్టుకున్నాను.

పేరు సంగతిలో ఆవిడ ఊరుకోలేదు. ఇరవై ఒకటో రోజున పెడతామని భ్రమర అంటే, "అందాకా నిన్ను నేనేమని పిలవాలి?" అని చికాకు పడింది. మూలన నన్ను తుడుస్తున్న కనకాచారి తల ఎత్తకుండా, "సన్యాసమ్మ" అన్నాడు. భ్రమర మొహం అటు తిప్పుకుంది. ఆ సాయంత్రానికి కాలనీ అంతా భ్రమరని సన్యాసి తల్లీ అని పిలవసాగింది.

అంతా బాగుంది గానీ పిల్ల నిద్రపోదు. మనవరాలి కోసం కనకాచారి మిల్లులో పాత ఇనప గొట్టాలు అడిగి తెచ్చి, కంచు గొలుసులు అల్లి, ఉయ్యాల చేశాడు. కాలనీలో మనవాళ్ళందరూ వచ్చి గొలుసులు మెచ్చుకున్నారు. పిల్లకి మాత్రం ఆ పనితనం ఎక్కలేదు. పడుకోబెట్టగానే ఏడుపు. ఎత్తుకుంటే ఊరుకుంటుంది. ఎత్తుకుని ఎత్తుకుని భ్రమర చేతులు వాచిపోయాయి. మూడో నెల పడ్డాక ఒక మధ్యాహ్నం ఆమెకి ఒళ్ళు వేడెక్కింది. సోమలింగం మిల్లులో. పిల్ల గుక్కపట్టి ఏడుస్తోంది. నీమా తల్లి తన నడుముకున్న కాంగా గుడ్డ విప్పి వచ్చింది. "ఇటియ్యి. వీపుకి కట్టుకుంటే నా గుండె చప్పుడు వింటుంది, పడుకుంటుంది. నా నలుగురూ ఇలాగే పెరిగారు."

భ్రమర చేతులు ముందుకి వచ్చి మళ్ళీ వెనక్కి వెళ్ళాయి.

"వద్దు."

"ఎందుకొద్దు?"

"మా నాన్నకి అలా కడితే ఇష్టం ఉండదు. మా అమ్మ చెప్పింది."

గొంతు తగ్గించే అంది గానీ, ఆ ఇల్లు రెండు గదులే. కనకాచారి విన్నాడు. వరద నాటి ఒక్క మాట ఇరవై ఏడేళ్ళు నడిచి, సముద్రం దాటి, మనవరాలి ఏడుపు పక్కన వచ్చి నిలబడింది. ఆయన లేచి, చెప్పులు తొడుక్కుని బయటికి వెళ్ళిపోయాడు.

"కోపం వచ్చింది" అంది భ్రమర. కళ్ళు తుడుచుకుంది. పిల్లని భుజాన వేసుకుని, జ్వరంతోనే గది ఆ కొస నుంచి ఈ కొసకి నడుస్తూనే ఉంది. నీమా తల్లి పొయ్యి మీద నీళ్ళు పెట్టింది.

గంట తర్వాత ఆయన వచ్చాడు. చంకలో కొత్త కాంగా, పసుపూ ఎరుపూ పూలది, అంచున ఏవో అక్షరాలు. భాష రాకుండా ఎలా కొన్నాడో నాకు తెలియదు. మళ్ళీ ఎవరి పొట్టో చూపించి ఉంటాడు. గుడ్డ తెచ్చి కూతురి ఒళ్ళో పెట్టాడు. వస్తువు ఇచ్చి ఊరుకుంటాడనుకున్నాను, నన్ను ఇచ్చినట్టే. ఊరుకోలేదు.

"ఆవేళ మీ అమ్మ మంచి పని చేసింది. జనం నవ్వేరని నేనే అడ్డమైన మాట అన్నాను. ఆమెకి చెప్పలేకపోయేను. కట్టనియ్యి అమ్మా."

ఇవాళ్టి మాటలు, రేపటివి కూడా అందులో అయిపోయాయి. భ్రమర ఆయన చెయ్యి పట్టుకుని కాసేపు వదల్లేదు. నీమా తల్లికి అంతా అర్థం కాలేదు గానీ, గుడ్డ చూసింది, అది చాలు. వంగి, పిల్లని తన వీపు మీద బోర్లా వేసుకుని, మెడ కదలకుండా గుడ్డ పైకి లాగి, రొమ్ము మీద ముడి వేసింది. రెండుసార్లు గది తిరిగేసరికి పిల్ల నిద్రపోయింది. భ్రమర కూడా నిద్రపోయింది. కనకాచారి తను చేసిన ఉయ్యాల గొలుసు ఒకసారి తట్టి, మోగకుండా చేత్తో పట్టుకున్నాడు.

మర్నాడు పొద్దున భ్రమరకి జ్వరం దిగింది. కనకాచారి తలస్నానం చేసి, ఉతికిన పంచె కట్టుకుని, నీమా తల్లి ముందు వెళ్ళి వీపు చూపించి వంగాడు. ఆవిడ నవ్వు ఆపుకోలేక గుమ్మానికి ఆనుకుంది. "బాబులు కట్టుకోరు" అంది. ఆయన వంగే ఉన్నాడు. కట్టక తప్పలేదు.

నన్ను చేత పట్టుకుని మనవాళ్ళ ఇళ్ళ ముందు నుంచే నడిచాడు, తల ఎత్తుకుని. భ్రమర వెనకే. బజారులో ఫొటోలు తీసే దుకాణం ఉంది, లోపల గోడంతా మంచుకొండ బొమ్మ. ఫొటో తీసే అతను ఆయన్ని కెమెరా వైపు తిప్పాడు. ఈయన మళ్ళీ గోడ వైపు తిరిగాడు. అతను మళ్ళీ తిప్పాడు.

"నాన్నా, మొహం పడాలంటన్నాడు."

"నా మొహం మన వీధికి తెలుసు. వీపు తియ్యమను."

అలాగే తీశారు. ఎదురుగా మంచుకొండ, మధ్యలో నిద్రపోతున్న సన్యాసమ్మ, ఆమె కింద ఆయన వెనక్కి జోడించిన రెండు చేతులు, ఆ చేతుల్లో నేను. పావుగంటలో ఫొటో చేతికి వచ్చింది. కనకాచారి కలం అడిగి, ఫొటో వెనక ఒక్కో అక్షరమే కంచు మీద చెక్కినట్టు దించాడు: "సన్యాసమ్మ ఇలాగే కట్టింది." కవరు మీద కంచరి వీధిలో ఉన్న రవణమ్మ పేరు కూతురి చేత రాయించి, పిల్ల లేవకుండా మెల్లగా పోస్టాఫీసు వైపు నడిచాడు.