సారు లేడా అమ్మా?

పొద్దున్నే ముందుగది ఊడ్చి, తడిబట్ట పెట్టి, ఆయన కుర్చీ తుడవడంతో నా రోజు మొదలవుతుంది. ఆ కుర్చీలో ఆయన కూర్చునేది తక్కువ. దాని వెనక గోడకు ‘జగదీశ్ ట్యాక్స్ కన్సల్టెన్సీ’ అని ఎర్రక్షరాల బోర్డు ఉంటుంది. కిటికీ దగ్గర ఇంకో చిన్న బల్ల, దాని మీద కంప్యూటర్, ముందు ప్లాస్టిక్ కుర్చీ. అది నా చోటు. మిర్యాలగూడ రైసుమిల్లులవి, ఎరువుల దుకాణాలవి, బట్టల షాపులవి, టీచర్లవి, ఎవరి రిటర్ను అయినా ఆ ప్లాస్టిక్ కుర్చీలోంచే పోతుంది. నేను కూడా బీకామే, సూర్యాపేటలో చదివాను. పెళ్లిచూపులప్పుడు ఆయన “చదువుకున్న పిల్లయితే నా పనిల సాయముంటది” అన్నాడట. అది విని మా అమ్మ మురిసిపోయింది. ఆ ‘సాయం’ అన్న మాటే నా ఉద్యోగమూ అయింది, జీతమూ అయింది. గడపలో చెప్పులు విడిచిన ప్రతి మనిషీ ముందు ఆ ఖాళీ కుర్చీ వైపు చూసి, తర్వాత నా వైపు చూసి, “సారు లేడా అమ్మా?” అంటాడు. బయటికి వెళ్లారు, నాకు చెప్పండి అంటే, “పర్లేదు, సారు వచ్చినంకనే వస్త” అని వెళ్లిపోతాడు. అతని పని అప్పటికే నేను చేసి ఉంటాను. వేములపల్లి మిల్లు గౌరయ్య అయితే ఫోన్ నేనెత్తితే చాలు విసుక్కుంటాడు. “నీకేం తెల్వదు గని, సారుకియ్యమ్మా ఫోను” అంటాడు. సారు పక్క గదిలో ఫోన్ చెవికి పెట్టుకుని, నేను కాగితం మీద రాసిచ్చిన అంకెలు చూసి చదువుతాడు.

ఇంట్లో దీన్ని పని అనరు. “ఏమున్నది, రెండు బటన్లు కొట్టుడే గద” అంటాడు ఆయన, నడుం నొప్పని ఎప్పుడైనా అంటే. మా అత్తమ్మ సరోజన ఇంకో అడుగు ముందుకేస్తుంది. “చల్లగ ఏసీ కింద కూసొని చేసేది గూడ పనేనా? మేం పొలం కాడ ఎండకు మాడినోళ్లం.” ఆ ఏసీ క్లయింట్లు వచ్చినప్పుడే వేయాలి. వాళ్లు వెళ్లగానే అత్తమ్మ గుమ్మంలోకి వచ్చి, “ఎవరూ లేరు గద, ఇంక ఎందుకది?” అంటుంది. నేను రిమోట్ తీసుకుని ఆపేస్తాను. ఆ ‘ఎవరూ’ లెక్కలో నేను లేనని నాకు మొదట్లో కొంచెం బాధగా ఉండేది. తర్వాత అలవాటైంది. అలవాటు కావడమే నాకు జరిగిన అన్యాయాల్లో పెద్దదని ఇప్పుడనిపిస్తోంది.

సువార్తమ్మ ఒక్కతే అలా అనేది కాదు. గరిడేపల్లిలో ఆమెది చిన్న కుట్టు సెంటర్. ఊరి ఆడవాళ్లు కొందరిని కూడగట్టి, పాత మిషన్లు కొని, జాకెట్ల నుంచి మొదలుపెట్టి స్కూలు బట్టలదాకా వచ్చింది. టెండర్లు వెయ్యాలంటే జీఎస్టీ నంబర్ కావాలన్నారని మా ఇంటికి వచ్చింది. రిజిస్ట్రేషన్ చేసేటప్పుడు ఆయన ఆమె ఫోన్ నంబర్ పెట్టనివ్వలేదు. “నీకు మెసేజులు సూసుడు రాదు, పరేషాన్ అయితవ్. నా నంబర్ పెడదాం” అన్నాడు. చిన్న క్లయింట్లందరికీ అలాగే చేస్తాడు. నంబర్ చేతిలో ఉంటే మనిషి ఇంకో చోటికి పోలేడు. నేను ఎంత పని చేసినా, చివర్లో వచ్చే ఓటీపీ ఆయన జేబులో మోగాలి, ఆయన దయతలచి చెప్పాలి. సువార్తమ్మ మాత్రం వచ్చిందంటే ఆ పెద్ద కుర్చీ వైపు చూడకుండా నేరుగా నా బల్ల దగ్గరికి వచ్చి, బిల్లుల కవరు పెట్టి, “పుష్పమ్మా, నీ చేతిల పెడ్తున్న” అనేది. అత్తమ్మ ఆమెకు చాయ్ కాగితం గ్లాసులోనే పొయ్యమనేది. మిగతావాళ్లకు పింగాణీ కప్పులు. నేను ఒకసారి కప్పులో పోసిస్తే, తర్వాత ఆ కప్పు పెరట్లో మొక్కల దగ్గర కనపడింది.

జూన్‌లో హాస్టల్ పిల్లల యూనిఫాంల కుట్టుపనికి టెండర్ పడింది. వస్తే ఆమెకూ, ఆమె దగ్గరి ఆడవాళ్లకూ ఏడాదంతా పని. కాగితాలు సూర్యాపేట ఆఫీసులో గడువు రోజు సాయంత్రం ఐదింటిలోపు ఇవ్వాలి, వాటితో పాటు పోయిన నెల రిటర్ను వేసినట్టు రసీదు కూడా. నేను ఆమె లెక్కలన్నీ ముందే నింపి పెట్టాను. పంపించడమే మిగిలింది. కానీ ఆయన, “ముందు మిల్లులోళ్లవి కానియ్యి. సువార్తమ్మది ఎప్పుడైనా అయితది” అన్నాడు. మిల్లులవి అయ్యేసరికి జీఎస్టీ పోర్టల్ మొరాయించడం మొదలుపెట్టింది. చివరి తేదీ దగ్గరకొస్తే ప్రతిసారీ అంతే, అందరూ ఒక్కసారే మీద పడతారు, తెల్లటి పేజీ మీద చక్రం తిరుగుతూ ఉంటుంది. పగలంతా దాన్ని చూసి చూసి, కూర తిప్పుతున్నా కళ్లముందు అదే తిరిగేది.

టెండర్ గడువు రోజు సువార్తమ్మ మొదటి బస్సుకే వచ్చి వరండాలో కూర్చుంది. ఆయన తెల్లచొక్కా ఇస్త్రీ అయిందా లేదా అని చూసుకుంటున్నాడు. కోదాడలో ఎవరో లీడర్ బిడ్డ ఎంగేజ్‌మెంట్. 

“ఇవాళ సువార్తక్కది పోవాలండీ. ఓటీపీ వస్తుంది, ఫోన్ దగ్గర పెట్టుకోండి” అన్నాను.

“ఆ, చెప్తలే. ముందైతే అది తెరుచుకోనియ్యి” అన్నాడు అద్దంలో చూసుకుంటూ.

పోర్టల్ మధ్యాహ్నం రెండు దాటాక తెరుచుకుంది. గబగబా అన్నీ సరిచూసి, పంపించే చోటు నొక్కి, ఆయనకు ఫోన్ చేశాను. ఎత్తలేదు. మళ్లీ చేశాను. మూడోసారికి ఎత్తాడు. వెనక బ్యాండు మోత. “పెద్దమనుషుల మధ్యల కూసున్న. ఊకె ఫోన్ చెయ్యకు” అని పెట్టేశాడు. ఆయనతో వెళ్లిన మా మరిది మధుకు చేశాను. “అన్న బంతిల కూసున్నడు వదినె, తిన్నంక చెప్త” అన్నాడు. లోపల్నుంచి అత్తమ్మ, “పుష్పా, నా గోలీలు ఏడ బెట్టినవ్?” అని పిలిచింది. వెళ్లి మాత్రలు, నీళ్లు ఇచ్చి వచ్చాను. సువార్తమ్మ గుమ్మంలో నిలబడి ఉంది. నా మొహమే చూస్తోంది. ఓటీపీ గడువు అయిపోయింది, మళ్లీ పంపించాను. చాలాసేపటికి ఆయన దగ్గర్నుంచి మెసేజ్ వచ్చింది. ఆరంకెలు. అవి మొదటిసారివి. రెండోసారివి పంపండి అని నేను చెప్పేలోపు పేజీ తెల్లబడింది, చక్రం మొదలైంది. ఆయన ఫోన్ స్విచాఫ్ అయింది. గోడ గడియారం నాలుగు దాటింది. సూర్యాపేటకు గంటకు పైనే ప్రయాణం.

“ఇగ కాదా పుష్పమ్మా?” అంది సువార్తమ్మ.

నేను తల అడ్డంగా ఊపాను. ఆమె వెళ్లి మళ్లీ వరండాలో కూర్చుంది. వెళ్లిపోలేదు. బహుశా వెళ్లి ఆ ఆడవాళ్లకు ఏం చెప్పాలో తెలియక అయి ఉంటుంది. చాయ్ పెట్టి, ఆ రోజు కప్పులోనే పోసిచ్చాను. ముట్టుకోలేదు.

ఆయన వచ్చేసరికి వీధి దీపాలు వెలిగాయి. నోట్లో పాన్, చేతిలో రిటర్న్ గిఫ్టు సంచి. విషయం విని, నా వైపు ఒక్కసారి చూసి, సువార్తమ్మ వైపు తిరిగాడు. ఆ తర్వాత అన్న మాటలు నాకిప్పటికీ అక్షరం పొల్లుపోకుండా గుర్తున్నాయి.

“ఏం జెయ్యమంటవ్ సువార్తమ్మా? నేను లేనప్పుడు మా ఆవిడ కూసుంటది. కంప్యూటర్ పనంత ఆమెనే చేస్తది. జర ముందుగాల సూస్కోవాలె అని నెత్తి నోరు మొత్తుకొని చెప్పిన. ఆడోళ్ల చేతిల పెడితే గిట్లనే అయితది.”

ఇన్నేళ్లలో ఆ పని నాదని ఆయన ఇంకొకరితో చెప్పడం అదే మొదటిసారి.

నేను నోరు తెరిచాను. “మీరు ఫోన్...” అన్నానో లేదో, “లోపలికి పో, ముందు అన్నం పెట్టు. పొద్దటి నుంచి తిరిగి తిరిగి వచ్చిన” అన్నాడు. అప్పుడు సువార్తమ్మ లేచింది. ఆయనను కాదు, నన్ను అంది. “ఆడిదానివని నమ్మితి గదమ్మా నిన్ను. ఇంత మంది కడుపు మీద కొడ్తివి. చేతగాకపోతే చేతగాదని చెప్తే ఇంకోళ్ల కాడికి పోకపోదునా?” గేటు దగ్గరికి వెళ్లేదాకా అంటూనే ఉంది. ఆయన నెమ్మదిగా, పెద్దమనిషిలా, “పోనీలే సువార్తమ్మా, వచ్చేసారి నేనే దగ్గరుండి చేయిస్త” అని సాగనంపాడు. అత్తమ్మ వరండాలోకి వచ్చి చల్లారిన చాయ్ చూసి, “కప్పుల పోసినవా మళ్ల?” అంది.

వంటింట్లో అన్నం వడ్డిస్తూ, ఆయన మొహం చూశాను. అందులో అబద్ధం చెప్పినవాడి బెదురు లేదు. ఆయన నిజంగానే అలా అనుకుంటున్నాడని అర్థమైంది. సరిగ్గా జరిగినవన్నీ ఆయనవి, చెడింది నాది. దాన్లో ఆయనకు తేడా ఏమీ కనపడట్లేదు. కొట్టేవాడైతే, తాగేవాడైతే నాకు చెప్పుకోవడానికి ఒక మాట ఉండేది. మా అమ్మకు ఫోన్ చేసి ఏమని చెప్పను? మా ఆయన ఫోన్ ఎత్తలేదమ్మా అనా? మా అమ్మాయి అక్షిత కంచం ముందు కూర్చుని అంతా విన్నది. “ఊకోరాదే మమ్మీ, నాన్న టెన్షన్ల అన్నడు” అంది. దానికి పదో తరగతిలోనే వచ్చేసింది, మగవాడి మాటకు సాకు వెతకడం. నేను ఎప్పుడు నేర్పానో నాకు తెలియదు. నన్ను చూసే నేర్చుకుని ఉంటుంది.

నాట్లు మొదలయ్యాక, అమ్మను చూసి వస్తానని చెప్పి ఒకరోజు గరిడేపల్లిలో దిగాను. ఆమెకు ఒక్క నిజం చెప్పాలి, అంతే. కుట్టు సెంటర్‌లో మిషన్ల మీద పాతచీరలు కప్పి ఉన్నాయి. ఆమెతో కుట్టే ఆడవాళ్లంతా నాట్లకు పోయారట. సువార్తమ్మ ఒక్కతే కూర్చుని ఏదో పాత లంగా కుట్లు విప్పుతోంది. నన్ను చూసి లేచి, కుర్చీ దులిపి వేసింది.

“అక్కా, ఆ రోజు తప్పు నాది కాదు. ఆయన ఫోన్ ఎత్తలేదు” అన్నాను. దారంతా కూడబలుక్కున్న మాటలు అంత చిన్నవయ్యాయి.

“నాకెరుకే పుష్పమ్మా” అంది ఆమె. “నా ముంగటనే గద నువ్వు ఫోన్ల మీద ఫోన్లు చేసినవ్.”

“మరి నన్నెందుకు అన్నావక్కా?”

“సారును అంటే నా జీఎస్టీ నంబర్ ఆయన కాడ, నా కాయితాలు ఆయన కాడ. కోపమొచ్చి నీ పని చెయ్య పో అంటే నేనేం గావాలె? అంత కోపం ఎవల మీదనో పొయ్యాలె గద తల్లీ. నిన్నంటే పడ్తవ్. అందుకే అన్న.” దారం పోగు పళ్లతో తెంపి, ఇంకా మెల్లగా అంది. “ఇంటికొచ్చినంక ఏడ్చిన.”

సూర్యాపేట జీఎస్టీ ఆఫీసులో దరఖాస్తు ఇస్తే ఫోన్ నంబర్ ఆమెదే పెట్టించవచ్చని, నేను రాసిస్తానని, తోడు వస్తానని చెప్పాను. ఆమె తల అడ్డంగా ఊపింది. “వద్దమ్మా. పెద్దోళ్లతోని మాకెందుకు? నీకు గూడ ఇంట్ల లొల్లి.” పోయేటప్పుడు నా చెయ్యి పట్టుకుంది. ఆమె మీద నాకు కోపం రాలేదు. వచ్చి ఉంటే బాగుండేది, కోపానికి కొంచెం బలం ఉంటుంది కదా. ఆ రోడ్డు మీద నిలబడినప్పుడు నాలో అది కూడా లేదు. ఇంటికి వెళ్తే ముందుగది ఉంటుంది, గౌరయ్య ఫోన్ ఉంటుంది, చెడినప్పుడు నా పేరు ఉంటుంది. నేను ఉన్నంతకాలం, ఇంకెవరో ఒకరు వచ్చి, నిన్నంటే పడతావని నన్నే అంటారు.

మిర్యాలగూడ బస్సు వచ్చింది. ఎక్కలేదు. దాని తర్వాత వచ్చిన సూర్యాపేట బస్సు ఎక్కాను.

బస్టాండ్ దగ్గర మేడ మీద ఒక ఆడిటర్ ఆఫీసు ఉంది. మెట్ల కింద కంప్యూటర్ పనికి మనుషులు కావాలని కాగితం అంటించి ఉంది. లోపల వరసగా బల్లలు, కుర్రాళ్లు, ప్రింటర్ చప్పుడు. ఆడిటర్ నలభై లోపు మనిషి. పేరు అడిగాడు. పుష్పలత అన్నాను. చదువు అడిగాడు, చెప్పాను.

“ముందు ఎక్కడన్న చేసిన్రా మేడం?”

జగదీశ్ పేరు చెబితే ఇతను ఫోన్ చేస్తాడు. ఆయన నవ్వుతూ, “మా ఆవిడనా? ఊకె జర సాయం చేస్తదండీ” అంటాడు. మిల్లుల పేర్లు చెబితే వాళ్లు, ఆమె ఎవరు అంటారు. పెళ్లయిన దగ్గర్నుంచి నేను పంపిన రిటర్నుల్లో ఒక్కదాని మీద కూడా నా పేరు లేదు. అవన్నీ ఆ కుర్చీవి. తెచ్చుకోవడానికి నాకు దారి లేదు. వదిలేయడానికి మాత్రం ఉంది.

“ఎక్కడా చెయ్యలేదండీ” అన్నాను.

“అయితే జీతం తక్కువుంటది. మొదట్ల పని నేర్చుకోవాలె.”

“నేర్చుకుంటాను” అన్నాను.