పిన్ని వేగం

ఆ కుట్టుపని హాల్లో అందరికంటే వేగంగా కాలర్లు కుడుతుంది కాబట్టి ఆమెను మెరుపు అనేవారు. పక్క మిషను ఆమె పిన్నిది. మెరుపుకు ఈ పని నేర్పింది ఆ పిన్నే. ఇప్పుడు పిన్ని వేళ్ళు బిగుసుకుపోయి, ఒక పట్టాన మాట వినడం లేదు.

కనీస కూలి పెంచుతూ చట్టం వచ్చిన రోజు వాళ్ళ ఆనందానికి పట్టపగ్గాల్లేవు. మర్నాడు సూపర్‌వైజరు స్టాప్‌వాచ్ పట్టుకొచ్చి, ఎవరెంత కుడతారో కొలుస్తానన్నాడు. పెరిగిన కూలికి తగినవాళ్ళమని చూపించాలని అందరూ నడుం బిగించారు. తల ఎత్తితే ఒట్టు. మెరుపు సంగతైతే చెప్పనే అక్కర్లేదు, పూనకం వచ్చినట్టు కుట్టింది. అమాయకత్వానికైనా హద్దుండాలి! తమ గొయ్యి తామే తవ్వుకున్నారు. ఆ రోజు మెరుపు కుట్టినన్ని రోజూ అందరూ కుట్టాలని హుకుం వచ్చింది.

“కూలి పెంచమంది చట్టం. మరి చొక్కాకి నాలుగు డబ్బులు ఎక్కువిమ్మని కొనేవాడికి ఎవరు చెప్తారు?” అన్నాడు యజమాని. అదీ అబద్ధం కాదు. కాకపోతే ఆ బరువంతా వచ్చి పిన్ని లాంటివాళ్ళ నెత్తిన పడింది. నెలాఖరుకల్లా ఆ లెక్క అందుకోలేనివాళ్ళు ఇంటికేనన్నాడు.

మెరుపు తను కుట్టినవి కొన్ని గుట్టుగా పిన్ని బుట్టలో వేస్తూ వచ్చింది. సూపర్‌వైజరు కనిపెట్టి ఇద్దరి మధ్యా అట్ట అడ్డం పెట్టించాడు. ఆ సాయంత్రం బస్సు కోసం నిలబడినప్పుడు మెరుపు తేల్చి చెప్పేసింది.

“రేపట్నుంచి నీ వేగంతోనే కుడతాను పిన్నీ. అందరం అలాగే కుడదాం.”

“పిచ్చిదానా! నాకోసం నోటికాడ కూడు పోగొట్టుకుంటావా?”

“నీకోసమే అనుకోకు. నా వేళ్ళు మాత్రం కలకాలం ఇలాగే ఉంటాయా?”

మర్నాడు మెరుపు నెమ్మదించింది. ఆమెను చూసి ముందు వరస, ముందు వరసను చూసి వెనక వరస నెమ్మదించాయి. సూపర్‌వైజరు అరిచాడు, బెదిరించాడు, చివరికి బతిమాలాడు. ఎవరూ తొందరపడలేదు. సరుకుకొచ్చిన లారీ సగం ఖాళీగా తిరిగి వెళ్ళేసరికి యజమాని దిగొచ్చాడు. అందర్నీ మాన్పిస్తే కొత్తవాళ్ళకూ అదే కూలి ఇవ్వాలి, పైగా వాళ్ళకు పని రావాలి.

“సరే, మళ్ళీ కొలుద్దాం. ఎవర్ని కొలవమంటారు?”

అందరూ పిన్నిని చూపించారు.

సూపర్‌వైజరు స్టాప్‌వాచ్ నొక్కి పక్కన నిలబడ్డాడు. నిదానంగా కుట్టమని పిన్నికి ఎంత నచ్చజెప్పి ఏం లాభం? అతను చూస్తుంటే పరువు ఊరుకోనివ్వలేదు. మిషను జోరందుకుంది.

“పిన్నీ!” అంది మెరుపు గట్టిగా. “రోజూ కుట్టినట్టే కుట్టు.”

మిషను ఆగింది. పిన్ని ముఖం ఎర్రబడింది. ఊపిరి పీల్చుకుని, ఈసారి నిదానంగా మొదలుపెట్టింది. కాసేపటికి దారం తెగింది. సూదిలోకి ఎక్కించబోతే ఒకసారి తప్పింది, మళ్ళీ తప్పింది. సాయం చేయాలని చేతులు లాగుతున్నా మెరుపు వాటిని ఒళ్ళోంచి కదలనివ్వలేదు.

“దారం ఎక్కించేదాకా వాచ్ ఆపమంటావా?” అన్నాడు సూపర్‌వైజరు.

“ఆపడం ఎందుకు బాబూ?” అంది పిన్ని, సూది మీంచి చూపు తిప్పకుండా. “ఇదీ పనే. కొలవండి.”