రేపటి 98.4

నేను ఒక థర్మామీటర్ని. పాదరసం నింపిన పాతకాలం గాజు పుల్లను కాను, చిన్న తెర మీద అంకె చూపించే రకాన్ని. ఫ్యాక్టరీలో నన్ను గోరువెచ్చని నీళ్లలో ముంచి, డిగ్రీలో పదోవంతు తేడా కూడా లేదని తేల్చుకున్నాకే డబ్బాలో పెట్టారు. మనుషులకు అలాంటి పరీక్ష ఏదీ లేనట్టుంది. ఉంటే పరాంకుశం లాంటివాళ్లు బయటికి వచ్చేవాళ్లు కాదు.

మందుల షాపులో ఏడాది పడి ఉన్నాక నన్ను కొన్నది ఆయనే. తెనాలి వైపు ఒక మండలాఫీసులో సీనియర్ అసిస్టెంటు. భార్య వరూధినికి రక్త క్యాన్సర్. హైదరాబాదు ఆస్పత్రిలో ఆమె రక్తంలోని కణాలనే తీసి, వాటికి క్యాన్సర్‌ను చంపడం నేర్పి, తిరిగి ఒంట్లోకి ఎక్కించారు. అవి పని బాగానే చేశాయి. క్యాన్సర్‌తో పాటు, రోగాలను ఎదుర్కొనే మంచి కణాలనూ ఊడ్చేశాయి.

"కొన్ని నెలల పాటు మామూలు జలుబు కూడా ఈమెకు ప్రాణాల మీదికి తేవచ్చు. ఎవర్నీ దగ్గరికి రానివ్వకండి. రోజుకు నాలుగుసార్లు జ్వరం చూసి రాయండి. 100.4 దాటితే గంటలో ఇక్కడుండాలి" అని డాక్టరమ్మ చెప్పింది. ఆస్పత్రి పక్కనే రెండు గదుల ఇల్లు అద్దెకు తీసుకున్నారు.

రాయడమంటే పరాంకుశానికి ప్రాణం. చూడడమే బద్ధకం. ఒక పుస్తకంలో స్కేలు పెట్టి గళ్లు గీసి, తేదీలు వేశాడు. మొదటి వారం నన్ను బుద్ధిగానే వాడాడు. ఎప్పుడు చూసినా 98.4. రెండో వారానికి ఆయనలోని ఆఫీసు నిద్ర లేచింది. ముప్పై ఏళ్లుగా రేపటి రిజిస్టరు ఇవాళే నింపిన చెయ్యి మరి. "రోజూ అదే వస్తుంటే ఇంకెందుకు? ఒక్కసారే వేసేస్తే పనైపోద్ది" అంటూ నాలుగేసి రోజుల 98.4లు నీలం సిరాతో ముత్యాల్లా దిద్దాడు. పుస్తకం చూసి డాక్టరమ్మ మెచ్చుకుంది కూడా. నేను డబ్బాలో పడి ఉన్నాను. నా ఖర్మ.

పదిహేనో తేదీన ఆయన అక్క మహలక్ష్మమ్మ పరామర్శకు దిగింది, ఖళ్లు ఖళ్లున దగ్గుతూ. "ఏసీ బస్సు పడలేదురా, అంతే" అంది. రోగిని చూడటానికొచ్చి గుమ్మంలోనే నిలబడితే మర్యాద ఏం కాను? "చిక్కిపోయావే తల్లీ" అని మరదలి బుగ్గలు పుణికి, మెటికలు విరిచి, ఆ చేత్తోనే సున్నుండ నోట్లో పెట్టింది. ఆవిడ మాస్కు గడ్డం కింద వేలాడుతోంది. వరూధిని మొగుడి వంక చూసింది. ఆయన అక్కకు కుర్చీ జరిపాడు. అడ్డు చెబితే అక్క నొచ్చుకుంటుందట. భార్య ఏమైపోయినా ఫర్వాలేదు.

పదిహేడున మధ్యాహ్నం వరూధినికి చలి పుట్టింది. ఆమే నన్ను వెతికి తీసి నాలుక కింద పెట్టుకుంది. 101.2. పరాంకుశం నన్ను అందుకుని, పాదరసం దాన్ని విదిలించినట్టు నాలుగుసార్లు విదిలించాడు. తర్వాత పుస్తకం తెరిచాడు. ఆ గడిలో 98.4 అప్పటికే ఉంది.

"ఇందులో 98.4 ఉంది గదా. ఇదేదో పాడైపోయినట్టుంది. సాయంత్రం ఇంకోసారి చూద్దాంలే."

తాను రాసిన అబద్ధాన్ని తానే సాక్ష్యంగా చూపించాడు. ఛీ, ఏం బతుకు.

"పాడైంది అది కాదు" అంది వరూధిని. నన్నూ పుస్తకాన్నీ సంచిలో వేసుకుంది. "మీరొస్తే రండి. లేకపోతే నేనే ఆటోలో పోతాను."

ఆస్పత్రిలో నర్సు నా అంకె చూసి నిమిషంలో సెలైన్ ఎక్కించింది. తర్వాత పుస్తకం తిరగేసి ఆగిపోయింది.

"సార్, ఇయ్యాల పదిహేడే గదా. ఇరవై దాకా ఎట్ల రాసిన్రు?"

పరాంకుశం గోడకున్న క్యాలెండరు చూస్తూ నిలబడ్డాడు.

పద్దెనిమిది, పందొమ్మిది, ఇరవై. ఆ మూడు రోజులూ వరూధిని ఐసీయూలో, ఊపిరితిత్తుల నిండా ఇన్ఫెక్షన్‌తో, ఆక్సిజన్ మీద, 103 జ్వరంతో ఉంది. పుస్తకంలో మాత్రం దివ్యంగా 98.4.

మూడు వారాలకు బతికి బయటపడింది. ఇంటికి రాగానే పుస్తకం తెరిచి ఆయన ముందు పెట్టింది.

"కొట్టెయ్యండి."

ముప్పై ఏళ్ల ఉద్యోగంలో రిజిస్టరులో ఒక్క కొట్టివేత కూడా ఎరగని చెయ్యి అది. చూడకుండా నింపిన ఆ గళ్లన్నీ ఒక్కొక్కటే కొట్టేశాడు. ఏడ్చాడు కూడా. నాకేం జాలి కలగలేదు. తర్వాత ఆమె నన్ను నోట్లో పెట్టుకుంది. నేను కూత పెట్టేదాకా ఆయన కలం ముట్టుకోలేదు. నన్ను వెలుతురులోకి తీసుకెళ్లి, రెండుసార్లు చదివి, 98.8 అని రాశాడు. అంకెలు వంకరగా వచ్చాయి. ఆ పేజీలో నేను ఒప్పుకునేది అదొక్కటే.